వింత వార్తలో ఒక ఆట ఉంది

2022 మే నెల. అసని తుపాను బంగాళాఖాతాన్ని కుదిపేస్తున్న రోజుల్లో శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలం సున్నాపల్లి తీరానికి ఒక రథం కొట్టుకొచ్చింది. బంగారు రంగు, అంచెలంచెలుగా పైకి లేచిన గోపురం, మన వైపు గుళ్లలో కనిపించని పనితనం. లోపల మనిషి లేడు. మత్స్యకారులు తాళ్లు కట్టి ఒడ్డుకు లాగారు. చూడటానికి చుట్టుపక్కల ఊళ్ల జనం కదిలొచ్చారు. మయన్మార్ నుంచో, ఆగ్నేయాసియాలోని మరో దేశం నుంచో వచ్చి ఉంటుందని అధికారులు అన్నారు.

పోటీ పరీక్షలకు చదువుతున్న విద్యార్థి నోట్‌బుక్‌లో ఆ వారం వార్త ఎలా మిగిలింది? ‘అసని తుపానుకు పేరు పెట్టిన దేశం: శ్రీలంక’. అంతే. రథం లేదు, మత్స్యకారులు లేరు.

బిట్‌ను తప్పు పట్టడం లేదు. గ్రూప్స్‌లోనో, బ్యాంకు పరీక్షలోనో అది ఒక మార్కు. ఒక్క మార్కు తేడాతో ర్యాంకు ఎంత కిందికి పోతుందో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇబ్బంది వేరేచోట ఉంది. రెండేళ్లు, మూడేళ్లు రోజూ పేపర్‌ను ఇలాగే పిండి పేరు, తేదీ, అంకె మాత్రమే దాచుకుంటూ పోతే, వార్త చదవగానే సహజంగా పుట్టాల్సిన ప్రశ్నలు పుట్టడం మానేస్తాయి. ఆ రథం ఎవరిది? పోగొట్టుకున్న ఊళ్లో వాళ్లేం అనుకుంటున్నారు? లాగి తెచ్చినవాళ్లకు దాని మీద హక్కుందా? రేపు ఎవరైనా వచ్చి మాది అంటే ఏం చూసి నమ్మాలి? ఓఎంఆర్ షీట్ మీద ఈ ప్రశ్నలు రావు. ఇంటర్వ్యూ గదిలో, ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఎదురయ్యేవి మాత్రం ఇలాంటివే.

ఆ అలవాటును మళ్లీ తెచ్చుకోవడానికి ఒక సరదా దారి ఉంది. పేపర్లో కనిపించిన వింత వార్తను సైన్స్ ఫిక్షన్ రోల్‌ప్లేయింగ్ ఆటకు కథాబీజంగా మార్చడం. విదేశాల్లో ఈ ఆటలాడేవాళ్లకు ఇది పాత విద్యే. మన క్యాంపస్‌లకు మాత్రం ఇంకా కొత్త.

అసలు ఈ ఆటేంటి?

నలుగురైదుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు గేమ్ మాస్టర్. వాళ్లు ఒక పరిస్థితి చెబుతారు: ‘మీ ఓడలో ఇంధనం రెండు రోజులకే ఉంది. దగ్గర్లోని స్టేషన్ మిమ్మల్ని రానివ్వనంటోంది. ఇప్పుడేం చేస్తారు?’ మిగతావాళ్లకు తలా ఒక పాత్ర ఉంటుంది. ఒకరు పైలట్, ఒకరు డాక్టర్, ఒకరు మెకానిక్. తమ పాత్ర ఏం చేస్తుందో వాళ్లు చెబుతారు. అది ఫలిస్తుందో లేదో అనుమానంగా ఉన్నచోట పాచిక వేసి తేల్చుకుంటారు. కంప్యూటర్ అక్కర్లేదు. ముగింపు ఎలా ఉంటుందో గేమ్ మాస్టర్‌కు కూడా ముందు తెలియదు.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తయారుచేసిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో అమెరికాలో అచ్చయింది. అది మాంత్రికులు, రాక్షసుల లోకం. 1977లో మార్క్ మిల్లర్ రాసిన ‘ట్రావెలర్’ ఈ ఆటను అంతరిక్షంలోకి తీసుకెళ్లింది. ఇందులో పాత్రలు మహావీరులు కారు. పాత కొలువు వదిలేసి బయటికొచ్చి, ఓడ కోసం చేసిన అప్పుకు నెలనెలా వాయిదాలు కట్టుకుంటూ, దొరికిన పని చేసే మామూలు మనుషులు. ఈఎంఐ మోసే ఏ తెలుగు కుటుంబానికైనా ఈ బాధ అర్థమవుతుంది!

అలాంటివాళ్లకు పని కావాలి. అందుకే 1980లో ట్రావెలర్ కోసం ‘76 పేట్రన్స్’ అనే చిన్న పుస్తకం వచ్చింది. పని అప్పగించే మనుషులు అందులో వరసగా ఉంటారు. ఫలానా వ్యక్తి వచ్చి ఫలానా పని చేసిపెట్టమంటాడు, ఇంత ఇస్తానంటాడు. దాని కింద పాచిక వేస్తే తేలే వేర్వేరు నిజాలు రాసి ఉంటాయి. ఒక అంకె పడితే అతను చెప్పిందంతా నిజం. ఇంకో అంకె పడితే అందులో మోసం ఉంది. మరో అంకెకు అతనికే అసలు సంగతి తెలియదు. పైకి కనిపించే సంఘటన ఒకటే, వెనకున్న కారణం మాత్రం మారుతుంది. వింత వార్తను ఆటగా మార్చే పనికి ఇంతకంటే మంచి చట్రం లేదు.

ముందు అసలేం జరిగిందో చూడండి

2001 జులై చివర్లో మొదలై సెప్టెంబరు వరకు కేరళలో కొన్నిచోట్ల విడతలవారీగా ఎర్ర వాన పడింది. కొట్టాయంలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు భౌతికశాస్త్రవేత్తలు ఆ నీటిలోని ఎర్ర కణాలు భూమికి బయటివి కావచ్చని ప్రతిపాదించారు. ప్రపంచ మీడియా ఎగబడింది. ప్రభుత్వం చేయించిన అధ్యయనం మాత్రం అవి ట్రెంటెపోలియా అనే శైవలం సిద్ధబీజాలని తేల్చింది. చెట్ల మీద, రాళ్ల మీద పెరిగే జీవి అది.

వాట్సాప్‌లో తిరిగే ముక్క దగ్గర ఆగిపోతే మీ చేతికి వచ్చేది ‘గ్రహాంతరవాసులు వచ్చారు’ అనే ఒక అరిగిపోయిన కథ. పూర్తి వార్త చదివితే చాలా ఎక్కువ దొరుకుతుంది. ఒకే నమూనా, రెండు ప్రయోగశాలలు, రెండు జవాబులు. మధ్యలో నిర్ణయం తీసుకోవాల్సిన ప్రభుత్వం. దీన్ని ఒక కొత్త గ్రహం మీది వలస ఊరికి మార్చండి. రంగు వాన పడింది. బయటి జీవి అని ఒక శాస్త్రవేత్త అంటున్నారు, కాబట్టి పంట ముట్టుకోకూడదు. లోకల్ నాచే అని పరిపాలన అధికారి అంటున్నారు, కాబట్టి కోతలు ఆపొద్దు. గోదాములో తిండి పదిరోజులకే ఉంది. ఆటగాళ్లు ఆ ఊరి ఏకైక ల్యాబ్ సిబ్బంది. సంతకం వాళ్లే పెట్టాలి.

నిజానికి దగ్గరగా ఉండటం ఆటకు అడ్డు అనుకుంటారు చాలామంది. చూశారుగా, ఆటకు కావాల్సిన చిక్కుముడి ఆ నిజంలోనే ఉంది.

ఎవరికి ఏం కావాలి?

సెర్గీ క్రికల్యోవ్ 1991 మేలో సోవియట్ వ్యోమగామిగా మిర్ అంతరిక్ష కేంద్రానికి వెళ్లారు. కిందికి దిగింది 1992 మార్చి 25న. మొత్తం 311 రోజులు. ఈలోగా ఆయన్ని పంపిన దేశమే లేకుండా పోయింది. ఆయన పుట్టిన లెనిన్‌గ్రాడ్ పేరు సెయింట్ పీటర్స్‌బర్గ్‌గా మారింది. ప్రయోగ కేంద్రమున్న కజకిస్థాన్ స్వతంత్ర దేశమైపోయింది.

బిట్‌గా చూస్తే ఇది ‘చివరి సోవియట్ పౌరుడు ఎవరు?’ అనే ప్రశ్న. ఆటగా చూడాలంటే, ఒక్కొక్కరికీ ఏం కావాలో విడిగా రాసుకోండి. ఆయనకు ఇంటికి రావాలి, కానీ కేంద్రాన్ని చూసుకునే ఇంజినీరు లేకుండా వదలకూడదు. కింద ఉన్నవాళ్లకు డబ్బుల్లేవు. 1991 అక్టోబరులో వెళ్లిన నౌకలో కజకిస్థాన్ వ్యోమగామికి చోటివ్వడం రాజకీయంగా అవసరమైంది, దాంతో క్రికల్యోవ్ స్థానంలో ఉండగలిగే ఇంజినీరు వెళ్లలేకపోయారు. ఇందులో ఎవరూ దుర్మార్గులు కారు. అందరి అవసరాలూ న్యాయంగానే ఉన్నాయి. అయినా ఒక మనిషి పైన ఇరుక్కుపోయాడు.

విలన్ లేకుండా చిక్కు ఎలా పుడుతుందో ఈ ఒక్క ఉదాహరణ చెబుతుంది. ఆఫీసుల్లో మీకు ఎదురయ్యే చిక్కుల్లో ఎక్కువ భాగం ఈ రకమే. కాబట్టి కథాబీజం రాసేటప్పుడు కనీసం మూడు పక్షాలు పెట్టుకోండి. ప్రతి పక్షానికీ ‘మాకు ఇది కావాలి’ అని ఒక వాక్యం రాయలేకపోతే, వార్త మీకింకా పూర్తిగా అర్థం కానట్టే.

ఒక్కటే మార్చండి

2023 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక గని నుంచి పెర్త్‌కు వెళ్లిన లారీలోంచి రేడియోధార్మిక గొట్టం ఒకటి జారిపోయింది. పొడవు 8 మిల్లీమీటర్లు, వెడల్పు 6 మిల్లీమీటర్లు. లోపల సీజియం-137. దారి పొడవు దాదాపు 1,400 కిలోమీటర్లు. ప్రయాణపు కుదుపులకు బోల్టు ఊడి, ఆ రంధ్రంలోంచి పడిపోయి ఉంటుందని భావించారు. ఎవరి టైరులోనైనా ఇరుక్కుని ఉండొచ్చు, చూసుకోండి, ముట్టుకోవద్దు అని అధికారులు వాహనదారుల్ని హెచ్చరించారు. ఫిబ్రవరి 1న, గంటకు 70 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న వాహనంలోని పరికరం దాన్ని పసిగట్టింది. రోడ్డు పక్కన రెండు మీటర్ల దూరంలో దొరికింది. అలాంటి నిర్లక్ష్యానికి అప్పటి చట్టంలో ఉన్న గరిష్ఠ జరిమానా వెయ్యి ఆస్ట్రేలియా డాలర్లు!

కొత్తగా రాసేవాళ్లు ఇక్కడే పొరపాటు చేస్తారు. గొట్టాన్ని గ్రహాంతర యంత్రం చేస్తారు, లారీని యుద్ధనౌక చేస్తారు, వెతికేవాళ్లను గూఢచారులు చేస్తారు. అన్నీ మార్చాక అసలు వార్తలోని వణుకు పోతుంది. గోరంత వస్తువు, వెయ్యి కిలోమీటర్ల దారి, ఎవరి టైరుకైనా అంటుకుని వెళ్లిపోయే ప్రమాదం. అసలు భయం అందులో ఉంది. కాబట్టి చోటు ఒక్కటే మార్చండి. గ్రహశకలాల గనుల నుంచి బయల్దేరిన సరకు ఓడ మూడు స్టేషన్లలో ఆగింది. మూడో స్టేషన్‌లో పెట్టె తెరిస్తే లోపల గొట్టం లేదు. ఎవరి బూటు అడుగునైనా ఉండొచ్చు. స్టేషన్ మూసేస్తే రోజుకు లక్షల నష్టం. చెప్పకుండా దాస్తే కంపెనీకి పడే జరిమానా చిల్లర. ఆటగాళ్లు ఆ కంపెనీ భద్రతా సిబ్బంది. బాస్ చెప్పిన మాట: ‘నెమ్మదిగా వెతకండి, ఎవరికీ చెప్పొద్దు.’ ఇప్పుడు మీ స్నేహితులు ఏం చేస్తారో చూడండి. ఒక్కొక్కరి స్వభావం గంటలో బయటపడుతుంది.

రథానికి ఆరు జవాబులు

పైన చెప్పినవన్నీ కలిపి సున్నాపల్లి రథం మీద ప్రయోగిద్దాం. జనావాసాల చివరన ఒక చిన్న స్టేషన్. సౌర తుపాను ఆగిన మర్నాడు, అలంకరించిన ఖాళీ నౌక ఒకటి తేలుతూ వచ్చింది. దాని మీది లిపి ఎవరికీ తెలియదు. పాత లోహం ఏరుకుని బతికే కుటుంబాలు ప్రాణాలకు తెగించి దాన్ని లాగి కట్టేశాయి. ఆటగాళ్లు నలుగురు కస్టమ్స్ ఉద్యోగులు. పై అధికారి రావడానికి రెండు రోజులు పడుతుంది. తెరవాలా, వద్దా? ఎవరి స్వాధీనంలో ఉంచాలి?

వెనకున్న నిజం పాచిక చెబుతుంది. ఒకటి పడితే: ఏ కుట్రా లేదు, ఎక్కడో ఉత్సవం కోసం కట్టింది, తుపానుకు తెగిపోయింది. రెండు: అది అంతిమయాత్ర వాహనం, తెరవడం వాళ్ల ఆచారంలో ఘోరం. మూడు: అలంకారం కింద దొంగ సరకుంది. నాలుగు: అంటురోగం సోకిన ఊరు, మా వైపు రావొద్దని పంపిన హెచ్చరిక. ఐదు: ఊరు ఖాళీ చేసి పారిపోతున్నవాళ్లు తమ దేవుణ్ని ముందు పంపించారు, వెనకాల వాళ్లు వస్తున్నారు. ఆరు: లాగి తెచ్చిన కుటుంబాల్లో ఒకరికి ఆ లిపి చదవడం వచ్చు, కానీ చెప్పడం లేదు.

ఒకటో నంబరును తీసేయకండి. నిజ జీవితంలో ఎక్కువసార్లు పడేది అదే. ఏ రహస్యమూ లేకపోయినా కస్టమ్స్ వాళ్ల చిక్కు అలాగే ఉంటుంది: లాగి తెచ్చినవాళ్ల కష్టానికి విలువేంటి, పోగొట్టుకున్నవాళ్లకు ఎలా చేర్చాలి? ఆరు జవాబుల్లోనూ ఆటగాళ్లకు కష్టమైన నిర్ణయం మిగిలితే మీ కథాబీజం గట్టిది. ముగింపు మాత్రం రాయకండి. రాస్తే అది కథ అవుతుంది, ఆట అవదు. పాచిక లేదంటారా? ఇంట్లో లూడో డబ్బా వెతకండి. అదీ లేకపోతే ఆరు చీటీలు రాసి ఒకటి తీయండి.

వార్త వెనక మనిషి ఉంటాడు

ఇక్కడ ఒక హద్దు చెప్పాలి. ఈజిప్టు తీరంలో 2017లో ఎంవీ అమన్ అనే సరకు ఓడను నిర్బంధించారు. అందులోని సిరియా నావికుణ్ని కోర్టు ఆ ఓడకు చట్టబద్ధమైన సంరక్షకుడిగా ప్రకటించింది. మిగతా సిబ్బంది వెళ్లిపోయారు, ఆయన దిగడానికి వీల్లేదు. దాదాపు నాలుగేళ్లు. కరెంటు లేదు. ఫోన్ చార్జింగ్ కోసం, తిండి కోసం ఒడ్డుకు ఈదుకుంటూ వెళ్లేవాడు. ఈలోగా తల్లి చనిపోయింది. చివరికి అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య ప్రతినిధి ఒకరు ఆయన బదులు సంరక్షకుడిగా ఉండటానికి ఒప్పుకున్నాక, 2021 ఏప్రిల్‌లో ఇంటికి చేరాడు.

అంతరిక్ష కథకు ఇది అద్భుతమైన ముడిసరకు, నిజమే. కానీ పాస్‌పోర్టు యజమాని చేతిలో ఇరుక్కుని గల్ఫ్‌లో మగ్గినవాళ్ల కథలు విన్న మనకు ఇది ‘వింత’ మాత్రమే కాదని తెలుసు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలాది మంది ఉన్నట్టుండి మూర్ఛపోయి ఆసుపత్రుల పాలయ్యారు. వాళ్లు మీ క్లాసులోనే ఉండొచ్చు. అలాంటి వార్తను వాడుకునేటప్పుడు పేర్లు, ఊళ్లు, గుర్తుపట్టే వివరాలు వదిలేయండి. బాధితుణ్ని నవ్వులాటగా చేయకండి. అన్యాయం ఎలా జరిగిందో ఆ యంత్రాంగాన్ని మాత్రం తీసుకోండి. ‘తప్పు ఎవరిదీ కాదు, చట్టం అలా ఉంది’ అన్న ఆ ఒక్క వాక్యం చుట్టూ అల్లితే ఆట సరదాగానూ ఉంటుంది, ఆడినవాళ్లు ఇంటికెళ్లాక ఆలోచిస్తారు కూడా.

ఇది ఉద్యోగానికి పనికొస్తుందా?

‘నోటిఫికేషన్ కోసం కళ్లు కాయలు కాసేలా చూస్తుంటే ఆటలేంటి?’ అని అడిగే హక్కు మీకుంది. సూటిగానే మాట్లాడుకుందాం. ‘గేమ్ మాస్టర్లు కావలెను’ అని ఏ ప్రకటనా రాదు. హైదరాబాద్‌లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్, పుణెలో యూబీసాఫ్ట్, బెంగళూరులో రాక్‌స్టార్ గేమ్స్ స్టూడియోలున్నాయి. యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్, కామిక్స్ రంగానికి టాస్క్‌ఫోర్స్ వేస్తామని 2022-23 కేంద్ర బడ్జెట్‌లోనే ప్రకటించారు. అయితే గేమ్‌కు కథ, సన్నివేశాలు రాసే కొలువులు ప్రోగ్రామర్లు, ఆర్టిస్టుల కొలువులతో పోలిస్తే తక్కువే. ఆ తక్కువలోకి వెళ్లాలనుకుంటే చేతిలో నమూనా ఉండాలి. ‘నాకు ఊహాశక్తి ఎక్కువ’ అని రెజ్యూమెలో రాసేకన్నా, ఆడించి చూసిన మూడు కథాబీజాలు చూపించడం మేలు.

ఆ దారిలో వెళ్లినవాళ్లూ ఉన్నారు. టై ఫ్రాంక్ అనే అమెరికన్ తన స్నేహితులతో ఆడించిన అంతరిక్ష ఆటే తర్వాత ‘ద ఎక్స్‌పాన్స్’ నవలలయింది. ఆ ఆటలో పాల్గొన్న రచయిత డేనియల్ ఏబ్రహాం, ఫ్రాంక్ కలిసి జేమ్స్ ఎస్.ఎ. కోరీ అనే పేరుతో రాశారు. మొదటి నవల 2011లో వచ్చింది, 2015లో టీవీ సిరీస్ మొదలైంది. ఇది అరుదైన విజయం, అందరికీ దక్కేది కాదు.

అందరికీ పనికొచ్చేది వేరే ఉంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మాక్ డ్రిల్‌కు ముందు ‘టేబుల్‌టాప్ ఎక్సర్‌సైజ్’ నిర్వహిస్తుంది. వరద వచ్చింది, వంతెన తెగింది, మీ శాఖ ఏం చేస్తుంది? అధికారులు బల్ల చుట్టూ కూర్చుని జవాబు చెప్పాలి. సైబర్ సెక్యూరిటీ బృందాలూ ఇదే పద్ధతిలో సాధన చేస్తాయి. రాత్రి రెండింటికి సర్వర్లు లాక్ అయ్యాయి, డబ్బు అడుగుతున్నారు, మొదట ఎవరికి ఫోన్ చేస్తారు? సెర్ట్-ఇన్ 2022 ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటన తెలిసిన 6 గంటల్లోపు సమాచారం ఇవ్వాలి, గడియారం నడుస్తోంది. 2019లో ఫ్రాన్స్ రక్షణ శాఖ భవిష్యత్తు ముప్పులను ఊహించడానికి సైన్స్ ఫిక్షన్ రచయితలతో ‘రెడ్ టీమ్’ ఏర్పాటు చేస్తున్నట్టు ప్రకటించింది. పరిస్థితి చెప్పు, పాత్రలివ్వు, నిర్ణయం అడుగు, ఫలితం చూడు. వీటన్నిటికీ అస్థిపంజరం ఇదే.

గ్రూప్ డిస్కషన్‌లో గొంతు పెంచేవాడు కాదు, ‘ఇందులో నాలుగో పక్షం గురించి ఎవరూ మాట్లాడలేదు’ అన్నవాడు గుర్తుండిపోతాడు. ఇంటర్వ్యూలో ‘మీరు కలెక్టర్ అయితే?’ అన్న ప్రశ్నకు కోచింగ్ జవాబు అప్పజెప్పేవారికీ, ఇరవై ఆటల్లో ఇరవై నిర్ణయాలు తీసుకుని, వాటిలో సగం బెడిసికొట్టడం చూసినవారికీ తేడా ఎదుటివాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

చాట్‌బాట్‌ను అడిగితే పది కథాబీజాలు నిమిషంలో ఇస్తుంది కదా అనొచ్చు. ఇస్తుంది. కానీ మీరు అనుకున్న దారికి అడ్డంపడి, ‘అసలు ఆ పెట్టె తెరవకపోతే ఏమవుతుంది?’ అని అడిగే స్నేహితుడి ముందు తడబడి, తేరుకుని జవాబు వెతుక్కోవడంలోనే మీకు సాధన జరుగుతుంది.

కాబట్టి బిట్లు చదవడం మానకండి. ఆదివారం ఒక గంట తీయండి. వారం పేపర్లలో ఒక వింత వార్త కత్తిరించండి. జరిగిందేమిటో ఐదు వాక్యాల్లో, ముగ్గురికి ఏం కావాలో మూడు వాక్యాల్లో రాయండి. ఒక్క చోటు మార్చండి. ఆరు కారణాలు రాసి, హాస్టల్ గదిలో నలుగుర్ని కూర్చోబెట్టి ‘ఇప్పుడేం చేస్తారు?’ అని అడగండి. నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో మీ చేతుల్లో లేదు. అది వచ్చేదాకా మీ బుర్ర ప్రశ్నలడగడం మర్చిపోకుండా చూసుకోవడం మాత్రం మీ చేతుల్లోనే ఉంది.